స్టెరాయిడ్ బదులు మెలాక్సికామ్ ఇవ్వొచ్చా? రెండూ కలిపితే ఏమవుతుంది?

మీరు అడిగింది ఇదీ: నాలుగేళ్ల లాబ్రడార్. చర్మ అలర్జీ అని చెప్పి డాక్టరు ప్రెడ్నిసొలోన్ మాత్రలు రాశారు. స్టెరాయిడ్ అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్. పోయినసారి కాలు బెణికినప్పుడు వాడిన మెలాక్సికామ్ సీసా సగం మిగిలి ఉంది. రెండూ వాపు తగ్గించే మందులే కాబట్టి స్టెరాయిడ్ మానేసి అది పోయొచ్చా, లేక రెండూ కొంచెం కొంచెం ఇస్తే త్వరగా తగ్గుతుందా, అసలు ఈ రెండూ కాక వేరే మందులేమైనా ఉన్నాయా అని.

రెండూ కలిపి ఇవ్వకండి. ఒక్క పూటకు కూడా వద్దు. స్టెరాయిడ్ మానేసి మెలాక్సికామ్ ఒక్కటే ఇస్తే ప్రమాదం కొంత తక్కువే గానీ, దురద మాత్రం తగ్గదు. ఇక మీ డాక్టరు రాసిన ప్రెడ్నిసొలోన్ కొద్ది రోజుల కోర్సే అయితే, చెప్పిన మోతాదులో చెప్పినట్టు వాడితే, అంత భయపడాల్సిన పని లేదు. నెలల తరబడి వాడాల్సిన పరిస్థితి వస్తే మాత్రం వేరే దారులు ఉన్నాయి, అవి కుక్కల దురదకు చాలా బాగా పనిచేస్తాయి కూడా. ఇంతవరకు చదివి ఆపేసినా మీకు కావాల్సింది దొరికినట్టే. ఎందుకో తెలుసుకోవాలంటే ముందుకు చదవండి.

ముందు ఒక తేడా. శరీరంలో ఎక్కడైనా కణజాలం దెబ్బతింటే కణాల పొరల్లోని కొవ్వు నుంచి అరాకిడోనిక్ యాసిడ్ విడుదలవుతుంది. అది రెండు దారుల్లో వెళ్తుంది. కాక్స్ అనే ఎంజైమ్ దారిలో వెళ్తే ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి, వాటివల్ల నొప్పి, జ్వరం, వాపు. లైపాక్సిజనేస్ దారిలో వెళ్తే ల్యూకోట్రైన్లు వస్తాయి, ఇవి తెల్లరక్తకణాలను ఆ చోటికి పిలుస్తాయి, శ్వాసనాళాలను బిగిస్తాయి. మెలాక్సికామ్, కార్ప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మొదటి దారిని మాత్రమే అడ్డుకుంటాయి. స్టెరాయిడ్ అలా కాదు, కాలువకు తల దగ్గరే తూము బిగించినట్టు, అరాకిడోనిక్ యాసిడ్ విడుదలయ్యే చోటే తగ్గించేస్తుంది. కాబట్టి రెండు దారులూ ఎండుతాయి.

అయితే స్టెరాయిడ్ పని అక్కడితో అయిపోదు. అసలు పెద్ద పని కణం లోపల జరుగుతుంది. మందు కణంలోకి వెళ్లి ఒక రిసెప్టర్‌కు అతుక్కుని, దానితో పాటు కేంద్రకంలోకి చేరి, ఏ జన్యువులు పనిచేయాలో ఏవి నోరు మూసుకోవాలో మార్చేస్తుంది. కణాల మధ్య కబుర్లు మోసే సైటోకైన్లు అనే ప్రోటీన్లలో వాపును రెచ్చగొట్టేవాటి తయారీ తగ్గుతుంది, వాపును అణచే ప్రోటీన్ల తయారీ పెరుగుతుంది. ఇలా జన్యువుల స్థాయిలో పనిచేస్తుంది కాబట్టే ఇంజెక్షన్ ఇచ్చినా పూర్తి ప్రభావానికి కొన్ని గంటలు పడుతుంది, మందు రక్తంలోంచి వెళ్లిపోయాక కూడా ప్రభావం ఇంకొంతసేపు మిగులుతుంది. చర్మం, కాలేయం, కండరం, మెదడు, ప్రేగు, ఇలా దాదాపు ప్రతి కణంలోనూ ఆ రిసెప్టర్ ఉంటుంది. స్టెరాయిడ్ బలం అదే, దాని తలనొప్పులన్నీ కూడా అక్కడి నుంచే.

అలర్జీ దురదకు మెలాక్సికామ్ ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అటోపీ, అంటే మీ కుక్కకున్న లాంటి చర్మ అలర్జీ, ఉన్న కుక్కలో దురదకు ముఖ్య కారణం ప్రోస్టాగ్లాండిన్లు కావు. ఇంటర్‌ల్యూకిన్ 31 అనే సైటోకైన్ నేరుగా నరాల మీద పనిచేసి గోక్కునేలా చేస్తుంది. కాక్స్‌ను ఎంత అణచినా దానికి తగలదు.

ఇక కలిపితే ఏమవుతుంది. కడుపు లోపలి పొరను కాపాడే జిగురు, యాసిడ్‌ను చల్లార్చే బైకార్బొనేట్, ఆ పొరకు రక్తప్రసరణ, ఇవన్నీ ప్రోస్టాగ్లాండిన్ల మీదే ఆధారపడి ఉంటాయి. నొప్పి మాత్ర వాటిని తగ్గిస్తుంది. స్టెరాయిడ్ కూడా తగ్గిస్తుంది, పైగా పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది. రెండూ ఒకేసారి పడితే కడుపులో, చిన్నప్రేగు మొదట్లో పుండ్లు పడి రక్తం కారడం, ఒక్కోసారి రంధ్రమే పడటం జరుగుతుంది. నేను చూసిన ఒక డాషండ్‌కు నడుము నొప్పికి ఒకచోట డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు, ఇంటికి తెచ్చాక అది కుదురుగా పడుకోవడం లేదని ఇంటివాళ్లు మిగిలిన నొప్పి మాత్రలు కూడా వేశారు. మూడో రోజు నా దగ్గరికి తెచ్చినప్పుడు చిగుళ్లు కాగితంలా తెల్లబడి ఉన్నాయి. థర్మామీటరు తీసి చూస్తే దానికి అంటుకున్న మలం నల్లగా, తారులా, జిగటగా ఉంది. ఇంకో చిక్కు కూడా చెప్పాలి: స్టెరాయిడ్ మీద ఉన్న కుక్కకు ప్రేగు చిల్లుపడినా, పొట్ట ముట్టుకుంటే నొప్పి, జ్వరం లాంటి మామూలు గుర్తులు సరిగా కనపడవు. స్టెరాయిడ్ వాటిని కప్పేస్తుంది. ఆ డాషండ్ రక్తం ఎక్కించాక కోలుకుంది. అన్నీ అలా కోలుకోవు.

అందుకే ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు మధ్యలో ఖాళీ వదులుతాం. ప్రెడ్నిసొలోన్ లాంటి మాత్రలైతే మామూలుగా 5 నుంచి 7 రోజులు. వారాల పాటు పనిచేసే డిపో ఇంజెక్షన్ పడి ఉంటే ఖాళీ కూడా వారాల్లోనే ఉండాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, "ఈ నెలలో దీనికి ఏమేం ఇచ్చారు" అన్న ప్రశ్నకు మీ దగ్గర సమాధానం ఉండాలి. ఫోన్‌లో మాత్ర అట్ట ఫోటో ఉన్నా చాలు.

ఇప్పుడు ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టాక ఇంట్లో ఏం చూస్తారు. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే కుక్క నీళ్ల గిన్నె దగ్గరే కాపురం పెడుతుంది. తాగిన దానికి తగ్గట్టు మూత్రం. శుభ్రంగా బయటికి వెళ్లే అలవాటున్న కుక్క కూడా రాత్రి హాల్లో పోసేస్తుంది. దాన్ని తిట్టకండి, నీళ్లు అస్సలు ఆపకండి. మూత్రాన్ని చిక్కబరిచే హార్మోను పనికి స్టెరాయిడ్ అడ్డుపడుతుంది, కుక్క కావాలని చేయడం లేదు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, వీలైతే మధ్యలో ఒకసారి బయటికి తీసుకెళ్తే సరిపోతుంది. ఆకలి విపరీతం. లాబ్రడార్ అంటున్నారు, మామూలుగానే తిండి అంటే ప్రాణం, ఇప్పుడు చెత్తబుట్ట కూడా వదలదు. మాత్రను తిండితో పాటే ఇవ్వండి గానీ తిండి మాత్రం పెంచకండి. రొప్పడం, కొంచెం చిరాకు, నిద్ర తగ్గడం కూడా కొన్నిటిలో చూస్తాం. కోర్సు అయిపోయాక ఇవన్నీ పోతాయి.

మోతాదు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే భయమంతా ఇక్కడే తికమక పడుతుంది. ఒకే ప్రెడ్నిసొలోన్ మోతాదును బట్టి మూడు రకాల పనులు చేస్తుంది. ఒంటికి సొంత స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పనిచేయని కుక్కకు, లోటు పూడ్చడానికి, కిలో బరువుకు రోజుకు 0.1 నుంచి 0.25 మిల్లీగ్రాములు చాలు. అలర్జీకి, వాపుకు 0.5 నుంచి 1 మిల్లీగ్రాము. శరీరమే తన ఎర్రరక్తకణాలను చంపుకునే ఆటోఇమ్యూన్ జబ్బుల్లో రోగనిరోధక శక్తినే అణచాలి కాబట్టి 2 మిల్లీగ్రాముల వరకు. పెద్ద కుక్కల్లో కిలో లెక్కన ఇంత ఇస్తే ఎక్కువైపోతుంది, అందుకే వాటికి శరీర ఉపరితలం లెక్కన తగ్గించి ఇస్తాం. మనుషుల్లోనో, పక్కింటి కుక్కలోనో చూసిన భయంకరమైన దుష్ప్రభావాలు చాలావరకు మూడో రకం మోతాదువో, నెలల తరబడి వాడినవో అయి ఉంటాయి. మీ కుక్కకు అటోపీ కోసం రాసింది రెండో రకం.

మందు పేరు మారితే మిల్లీగ్రాముల లెక్క కూడా మారుతుందని గుర్తుంచుకోండి. హైడ్రోకార్టిసోన్ బలం 1 అనుకుంటే ప్రెడ్నిసొలోన్‌ది 4, మిథైల్‌ప్రెడ్నిసొలోన్, ట్రయామ్సినొలోన్‌లవి 5, డెక్సామెథసోన్‌ది 25 నుంచి 30. అంటే ఒక్క మిల్లీగ్రాము డెక్సా దాదాపు 7 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. "ప్రెడ్నిసొలోన్ దొరకలేదు, షాపులో డెక్సా ఇచ్చారు, అదీ స్టెరాయిడే కదా" అని 5 మిల్లీగ్రాములకు 5 మిల్లీగ్రాములు వేసిన వాళ్లున్నారు. పైగా డెక్సా ప్రభావం ఒకటిన్నర రోజుకు పైనే ఉంటుంది, కాబట్టి రోజు విడిచి రోజు పద్ధతికి అది పనికిరాదు. మధ్యలో అడ్రినల్ గ్రంథికి ఊపిరి తీసుకునే ఖాళీ దొరకదు. ప్రెడ్నిసొలోన్ ప్రభావం 12 నుంచి 36 గంటలు. దీర్ఘకాలం వాడాల్సి వస్తే దాన్నే ఎంచుకోవడానికి ఇదే కారణం.

మాత్రలు మింగించడం కష్టమని "ఒకే ఇంజెక్షన్‌తో నెల రోజులు నిశ్చింత" అనే డిపో ఇంజెక్షన్ అడిగేవాళ్లు చాలామంది. నాకది ఇష్టం ఉండదు. మాత్ర పడకపోతే రేపటి నుంచి తగ్గించొచ్చు, ఆపొచ్చు. ఇంజెక్షన్ లోపలికి వెళ్లాక వెనక్కి తీయలేం. మొండి పిల్లుల్లో వేరే దారి లేక వాడిన సందర్భాలున్నాయి, కాకపోతే పిల్లుల్లో ఈ ఇంజెక్షన్ తర్వాత షుగర్ జబ్బు రావడం, అప్పటిదాకా బయటపడని గుండె జబ్బు ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లో నీరు చేరేదాకా వెళ్లడం తెలిసిన విషయమే.

ఉన్నపళంగా ఆపడం. ఒంట్లోకి బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే, మెదడు అడ్రినల్ గ్రంథికి సంకేతాలు పంపడం మానేస్తుంది. వారాలు గడిచేకొద్దీ గ్రంథి కుంచించుకుపోతుంది. ఆ దశలో మందు హఠాత్తుగా ఆపితే ఒంటి సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసాల్ ఉండదు, బయటిదీ ఉండదు. నీరసం, వాంతులు, విరేచనాలు, తిండి మానేయడం, ఏదైనా ఒత్తిడి తోడైతే కుప్పకూలడం. నాలుగైదు రోజుల చిన్న కోర్సుకు ఈ గొడవ ఉండదు. రెండు వారాలు దాటితే మాత్రం మెట్లు దిగినట్టు తగ్గించుకుంటూ రావాలి, ఎంతకాలం వాడితే అంత నిదానంగా. కుక్క బాగైపోయిందని ఇంటివాళ్లే ఆపేయడం, మాత్రలు అయిపోయి నాలుగు రోజులు ఊరికే ఉండటం, ఈ రెండూ నేను తరచూ చూసే కారణాలు.

ఎక్కువ కాలం వాడితే కనపడే చిత్రం వేరు. పొట్ట జారి కుండలా అవుతుంది, తొడల కండరం తగ్గుతుంది, ఒంటి మీద జుట్టు రెండు వైపులా సమానంగా రాలుతుంది, చర్మం కాగితంలా పలచబడి కింద రక్తనాళాలు కనపడతాయి. కొన్ని కుక్కల్లో వీపు మీద, గజ్జల్లో చర్మంలో కాల్షియం చేరి గట్టి గరుకు పెచ్చులు కడతాయి. మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా మూత్రానికి ఇబ్బంది పడుతున్నట్టు కనపడదు, అందుకే నెలల తరబడి వాడేవాటికి మూత్రం కల్చర్ చేయిస్తాం. రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూసి "లివర్ పోయిందండీ" అని ఏడ్చుకుంటూ వచ్చిన వాళ్లున్నారు. కుక్కల్లో స్టెరాయిడ్‌తో ఈ ఎంజైమ్ ప్రత్యేకంగా పెరుగుతుంది, కుక్కలకే ఉన్న ఒక రకం అది. ఆ అంకె ఒక్కదాన్నే చూసి కాలేయం చెడిందని తేల్చలేం.

కొన్ని సందర్భాల్లో స్టెరాయిడ్ చేసే మేలు కన్నా చెరుపే ఎక్కువ. కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా మీద పుండు ఉంటే స్టెరాయిడ్ చుక్కలు వేయకూడదు, పుండు కరిగి కన్ను పగిలే దాకా వెళ్తుంది. అందుకే ఎర్రబడ్డ కంటికి ముందు పుండును పట్టి చూపే ఫ్లోరెసీన్ రంగు వేసి చూస్తాం. పాత కంటి చుక్కలు ఇంట్లోంచి తీసి వేయొద్దని అనడం కూడా ఇందుకే. డెమోడెక్స్ గజ్జి, రింగ్‌వార్మ్ లాంటివి స్టెరాయిడ్‌తో మొదట తగ్గినట్టే ఉండి తర్వాత ఒళ్లంతా పాకుతాయి. గ్రంథులు ఉబ్బి, అదేమిటో ఇంకా తేలని కుక్కకు "ముందు వాపు తగ్గిద్దాం" అని స్టెరాయిడ్ మొదలుపెట్టడం నాకు బొత్తిగా నచ్చని పని. అది లింఫోమా అనే క్యాన్సర్ అయితే గడ్డలు కరిగిపోయి పరీక్షకు దొరకవు, తర్వాత కీమోథెరపీకి కూడా సరిగా లొంగవు. సూదితో నమూనా తీయడానికి పట్టేది కొద్ది నిమిషాలే.

జంతువును బట్టి కూడా లెక్క మారిపోతుంది. ప్రెడ్నిసోన్ అనే మందు కాలేయంలో ప్రెడ్నిసొలోన్‌గా మారితేనే పనిచేస్తుంది. కుక్కలు మార్చుకుంటాయి, పిల్లులు, గుర్రాలు సరిగా మార్చుకోలేవు, కాబట్టి వాటికి నేరుగా ప్రెడ్నిసొలోనే ఇవ్వాలి. పిల్లులకు మోతాదు కూడా కుక్కల కంటే ఎక్కువే కావాలి. గుర్రాల్లో గిట్ట లోపలి పొరలు వాచే లామినైటిస్ భయం ఎప్పుడూ ఉంటుంది, ముఖ్యంగా లావుగా, మెడ మీద కొవ్వు గడ్డకట్టి, ఇన్సులిన్ సరిగా పనిచేయని గుర్రాల్లో. చూడి ఆవుకు చివరి నెలల్లో డెక్సా ఇస్తే ఈసుకుపోవచ్చు. కావాలని ముందుగా ఈనేలా చేయడానికి కూడా ఇదే మందు వాడతారు, అలా చేసినప్పుడు మాయ పడకుండా ఉండిపోవడం మామూలు. పాలు కొన్నాళ్లు తగ్గుతాయి. మరోవైపు అదే మందు రక్తంలో గ్లూకోజును పెంచుతుంది కాబట్టి ఈనిన ఆవుల్లో వచ్చే కీటోసిస్‌కు మంచి మందు కూడా. పాల పశువుకు వాడితే పాలు, మాంసం ఎన్నాళ్లు వాడకూడదో లేబుల్ మీద ఉంటుంది, దాన్ని పాటించాల్సిందే.

ఇంతా చదివాక స్టెరాయిడ్ అంటే పాముని పట్టుకోవడం అనిపించొచ్చు. కాదు. 1948లో కార్టిసోన్‌ను మొదటిసారి ఒక కీళ్లవాత రోగికి ఇచ్చి, మంచం దిగలేని మనిషి లేచి నడవడం చూసి వైద్యలోకమే ఆశ్చర్యపోయింది. రెండేళ్లకే, 1950లో, హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. ఇప్పటికీ రక్తం తనను తాను తినేసుకుంటున్న కుక్కను నిలబెట్టాలంటే, ముందు చేయి వెళ్లేది ప్రెడ్నిసొలోన్ మీదకే. అయితే ఒకప్పుడు షాక్‌కు, వెన్ను దెబ్బకు పెద్ద పెద్ద మోతాదుల్లో ఇచ్చేవాళ్లు, ఆ అలవాటు ఇప్పుడు చాలావరకు పోయింది. లాభం కంటే ప్రేగు పుండ్లే ఎక్కువ మిగిలాయి.

దుష్ప్రభావాలు తగ్గించడానికి ఒక తెలివైన మార్గం, మందును కావాల్సిన చోటికే పంపడం. ఉబ్బసం ఉన్న పిల్లికి ముఖానికి అమరే చిన్న మాస్కు, స్పేసర్ గొట్టంతో ఫ్లూటికసోన్ ఇన్‌హేలర్ ఇస్తాం. మాస్కు పెట్టి ఏడెనిమిది సార్లు ఊపిరి తీసుకునే దాకా ఆగాలి. దాని ప్రభావం నిలదొక్కుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి అప్పటిదాకా మాత్ర కూడా నడుస్తుంది. ప్రేగు వాపుకు బ్యుడెసొనైడ్ ఇస్తాం, ప్రేగులో పనిచేసి, ఒంట్లోకి వెళ్లే ముందే కాలేయంలో చాలావరకు విరిగిపోతుంది. మీ కుక్కకు పాదాల మధ్యో, ఒక మచ్చలోనో మాత్రమే మంట ఉంటే హైడ్రోకార్టిసోన్ అసిపొనేట్ స్ప్రే అడగండి. చర్మంలోనే పనిచేసి అక్కడే విరిగిపోయేలా తయారుచేసింది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న: స్టెరాయిడూ కాక, నొప్పి మాత్రా కాక. కుక్క దురద విషయంలో గత పదిపన్నెండేళ్లలో ఆట మారిపోయింది.

ఒక్లాసిటినిబ్, అంటే అపోక్వెల్. 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. దురద సైటోకైన్లు కణం బయట అతుక్కున్నప్పుడు లోపలికి వార్త మోసే ఎంజైమ్ ఉంటుంది, జేక్ 1 అని. దాన్ని ఆపుతుంది. మొదటి రోజే తేడా కనపడుతుంది, దాహం, ఆకలి గొడవ లేదు. రెండు వారాల దాకా రోజుకు రెండుసార్లు, తర్వాత రోజుకు ఒకసారి. ఏడాది నిండని కుక్కలకు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ ఉన్నవాటికి ఇవ్వరు. రోగనిరోధక వ్యవస్థను కొంత తాకుతుంది కాబట్టి, క్యాన్సర్ ఉన్న కుక్క అయితే నేను వేరేదే చూస్తాను. రెండు వారాల తర్వాత కూడా రోజుకు రెండుసార్లు ఇస్తూ పోవడం నేను ఒప్పుకోను. రోజుకు ఒకసారితో సరిపోకపోతే దురదకు ఇంకో కారణం వెతకాలి.

లోకివెట్‌మాబ్, అంటే సైటోపాయింట్. ఇది ఇందాక చెప్పిన ఇంటర్‌ల్యూకిన్ 31 ఒక్కదాన్నే పట్టుకుని పనిచేయనివ్వని యాంటీబాడీ ఇంజెక్షన్. నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. కాలేయం, మూత్రపిండాల మీద భారం లేదు, మిగతా మందులతో పాటు ఇవ్వొచ్చు, చిన్న కుక్కపిల్లకైనా ముసలి కుక్కకైనా ఇవ్వొచ్చు. కుక్కలకు మాత్రమే, పిల్లులకు కాదు. దీనికున్న బలహీనత కూడా దాని కచ్చితత్వమే. దురదను ఆపుతుంది తప్ప చెవిలో ముద్దగా కట్టిన వాపును, ఎర్రగా ఉబ్బిన పాదాన్ని స్టెరాయిడ్‌లా దించలేదు. కొద్ది కుక్కల్లో కొన్నాళ్లకు శరీరం దీనికే యాంటీబాడీలు తయారుచేసుకుని పని తగ్గుతుంది.

సైక్లోస్పోరిన్ టి కణాలనే తెల్లరక్తకణాల్లో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ను ఆపి, ఇంటర్‌ల్యూకిన్ 2 తయారీని తగ్గిస్తుంది. కుక్కకు కిలోకు 5 మిల్లీగ్రాములు. నాలుగు నుంచి ఆరు వారాలు పట్టేది కాబట్టి ఇప్పటి మంటకు ఇది సమాధానం కాదు, దీర్ఘకాలానికి. బాగా పనిచేస్తే చాలావాటికి రోజు విడిచి రోజు, కొన్నిటికి వారానికి రెండుసార్లకు దించొచ్చు. వాంతులు మొదట్లో చాలా మామూలు. కొన్నిటిలో చిగుళ్లు పెరిగి పళ్ల మీదకు వస్తాయి. కళ్లు ఎండిపోయే కుక్కలకు ఇదే మందు ఆయింట్‌మెంటుగా కంట్లో రాస్తే కన్నీరు మళ్లీ ఊరుతుంది, ఆ పనిలో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

యాంటీహిస్టమిన్ల గురించి అందరూ అడుగుతారు. నా అనుభవంలో కుక్క అటోపీకి ఒంటరిగా అవి చేసేది తక్కువ. మంట పూర్తిగా రాజుకోకముందు, తక్కువ దురద ఉన్నవాటికి కొంత ఉపయోగం. చేప నూనెలోని ఒమేగా 3 కొవ్వులు అరాకిడోనిక్ యాసిడ్ స్థానంలో చేరి తక్కువ మంట పుట్టించే పదార్థాలు తయారయ్యేలా చేస్తాయి. ఫలితం చూడాలంటే రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. వీటివల్ల స్టెరాయిడ్ మోతాదు తగ్గించగలిగితే అదే లాభం.

మిగతావి మీ కుక్కకు సంబంధించినవి కావు గానీ అడిగారు కాబట్టి. అజాథయోప్రిన్‌ను ఆటోఇమ్యూన్ జబ్బుల్లో స్టెరాయిడ్‌కు తోడుగా ఇస్తాం, కుక్కలకు మాత్రమే. పిల్లులకు ఇవ్వకూడదు, దాన్ని విరిచే ఎంజైమ్ వాటిలో బాగా తక్కువ, ఎముక మూలుగ చచ్చుబడిపోతుంది. పెద్దప్రేగు వాపుకు సల్ఫసలజైన్ ఉంది, పెద్దప్రేగులోని బ్యాక్టీరియా దాన్ని విరిచాకే మందు బయటపడుతుంది, కాబట్టి సరిగ్గా అక్కడే పనిచేస్తుంది. వాడేటప్పుడు కన్నీళ్లు కొలుస్తూ ఉండాలి, కళ్లు ఎండబెట్టే గుణం ఉంది. కీళ్ల అరుగుదలకు పాలీసల్ఫేటెడ్ గ్లైకోసమినోగ్లైకాన్ ఇంజెక్షన్లు కుక్కలకు, గుర్రాలకు వాడతారు, మృదులాస్థిని నమిలేసే ఎంజైములను అడ్డుకుంటాయి. కొత్తగా వచ్చిన బెడిన్‌వెట్‌మాబ్, పిల్లులకు ఫ్రునెవెట్‌మాబ్, నిజానికి వాపు మందులు కావు, నరాల పెరుగుదల కారకాన్ని పట్టేసి కీళ్ల నొప్పిని తగ్గించే యాంటీబాడీలు. మొదటిదాన్ని వాడిన కొన్ని కుక్కల్లో నడక తూలడం, ఫిట్స్ లాంటివి కనపడినట్టు నివేదికలు వచ్చాక 2024 చివర్లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పశువైద్యులను హెచ్చరించింది. నేను ఇప్పటికీ వాడతాను, నరాల జబ్బు ఉన్నవాటికి వాడను.

మీ కుక్క నా దగ్గరికి వస్తే ఏం చేస్తానంటే: ముందు తోక మొదట్లో బొచ్చు విడదీసి గోమార్లు (ఫ్లీలు), పొడిలా కనపడే వాటి నల్లటి మలం కోసం చూస్తాను. గోమార్లు ఒకటి రెండు ఉన్నా చాలు, ఏ మందూ నిలవదు. తర్వాత ఎర్రగా ఉన్న చోట టేపు అంటించి తీసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతాను. బ్యాక్టీరియానో, ఈస్టో పెరిగి ఉంటే దురదలో సగం వాటా వాటిదే, దాన్ని వదిలేసి స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే కోర్సు అయిపోయిన మర్నాడే మళ్లీ మొదలు. అప్పుడు ప్రెడ్నిసొలోన్ కిలోకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున, పొద్దున్నే తిండితో, ఐదు నుంచి ఏడు రోజులు. దురద ఏడాదంతా ఉండేదైతే ఆ వారం గడిచేలోగా లోకివెట్‌మాబ్ గానీ ఒక్లాసిటినిబ్ గానీ మొదలుపెట్టే మాట మాట్లాడతాను. ఆహార అలర్జీ అనుమానం ఉంటే ఎనిమిది వారాల ఆహార పరీక్ష, అంటే ఇదివరకు తినని ఆహారం ఒక్కటే పెట్టి చూడటం. ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఫలానా కాలంలో మాత్రమే వచ్చేదైతే చిన్న స్టెరాయిడ్ కోర్సే చాలు, వేరే దానికి వెళ్లమని నేను బలవంతం చేయను.

కోర్సు మధ్యలో నల్లటి మలం, రక్తం కలిసిన వాంతి, తిండి పూర్తిగా మానేయడం, ఇందులో ఏది కనిపించినా ఫోన్ చేసి ఆగకండి, కుక్కను తీసుకుని వెళ్లండి. స్టెరాయిడ్ మీద ఉన్న కుక్క తిండి వద్దంది అంటేనే ఏదో తేడా ఉన్నట్టు. ఈలోపు ఆపరేషన్‌కో, పళ్లు క్లీన్ చేయించడానికో తేదీ ఉంటే మత్తు ఇచ్చే డాక్టరుకు స్టెరాయిడ్ సంగతి ముందే చెప్పండి. ఆపరేషన్ తర్వాత నొప్పికి మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్ మెలాక్సికామ్ రకానిదే అయి ఉంటుంది, ఆరోజు దానికి వేరే మందు చూసుకోవాలి.